దంతె పట్టనన్న రిగ్మోర్

శనివారం మధ్యాహ్నం రెండయ్యేసరికి మా సమాధుల తోటలో ఒక్క అడుగుజాడ కూడా కనిపించకూడదు. తాతల నాటి నుంచి వస్తున్న మర్యాద అది. ప్రతి సమాధి చుట్టూ సన్నటి గులకరాళ్ళు పరిచి ఉంటాయి. వాటిని ఇనుప పళ్ళ దంతెతో తల దువ్వినట్టు దువ్వి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయటికి వచ్చెయ్యాలి. మనిషి వచ్చి వెళ్ళిన గుర్తు మిగలకూడదు. పూలు పెట్టడానికి వచ్చిన ముసలమ్మ కూడా సమాధి రాయి వెనక దాచుకున్న చిన్న దంతె తీసి, తన అడుగులు తానే చెరుపుకుంటూ వెళ్తుంది. ఆదివారం చర్చికి వచ్చినవాళ్ళ కళ్ళు ముందు ఆ గీతల మీద పడి, తర్వాతే శిలువ వైపు తిరుగుతాయి. ఎవరి గీతలు వంకరపోయాయో, ఎవరివి రెండు వారాలుగా దువ్వలేదో, ప్రార్థన మొదలయ్యేలోపే ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఈ తోట చూసుకునే ఉద్యోగంలో ముప్పై నాలుగేళ్ళు ఆ గీతలు గీసి, యాభై ఆరో ఏట దంతెను పనిముట్ల కొట్టంలో మేకుకు తగిలించి "పడమటి వైపు ఇంక గియ్యను" అన్న మనిషి రిగ్మోర్ టోరుప్.

ఆ పడమటి వైపు సంగతి చెప్పాలి. మా దగ్గర సమాధికి గడువు ఉంటుంది. పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో అయ్యాక, ఇంకొన్నాళ్ళు ఉంచమని అడిగేవాళ్ళు ఎవరూ లేకపోతే రాయి పీకేసి, ఆ చోట గులక పరిచేస్తారు. పడమటి వైపు అలా ఖాళీ అయిన స్థలాలు నలభై ఆరు. రాళ్ళు లేవు, పేర్లు లేవు, పూలు పెట్టేవాళ్ళు లేరు. ఊరి పక్కన ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ మీంచి వచ్చే గాలి, బూడిదరంగు గులక, అంతే. అయినా వారం వారం దానినీ దువ్వాలి. కలుపు మందు కొట్టడం మానేశాక, గులకలోంచి తల ఎత్తిన ప్రతి మొక్కనూ గ్యాసు మంట గొట్టంతో కాల్చాలి.

ఒక జులై రోజు రిగ్మోర్ అలాగే కాలుస్తూ వెళ్తోంది. గులక మధ్యలో నీలిగంటల మొక్క ఒకటి, తలవెంట్రుకంత సన్నటి కాడ మీద మూడు పూలు ఊపుతోంది. పొద్దున్నుంచీ రెండువందల మొక్కలు కాల్చిన చెయ్యి అది, ఆగలేదు. మంట తగిలాక, ఒక పువ్వులోంచి పెద్ద తేనెటీగ ఒకటి రెక్కలు కాలి గులక మీద పడింది. బొంగురుగా చప్పుడు చేస్తూ గిరగిరా తిరిగింది. రిగ్మోర్ మంట కట్టేసింది. అది తిరగడం ఆగేదాకా అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత లేచి, గొట్టం తీసుకెళ్ళి కొట్టంలో పడేసింది. ఆ రోజే దంతె కూడా మేకెక్కింది.

మర్నాడే చర్చి సంఘం పెద్ద ఐనార్ క్విస్ట్ వచ్చాడు. పందుల ఫారం అమ్మేసి విశ్రాంతిగా ఉన్న రైతు. రిగ్మోర్‌కి బడిలో మూడేళ్ళు ముందు. తుంటి కీలు మార్పించుకున్నాక ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు.

"ఏం రిగ్మోర్, దంతెకి పళ్ళు ఊడాయా?"

"దంతె బాగానే ఉంది. నాకే ఓపిక ఊడింది."

"శనివారం వస్తోంది."

"ప్రతి వారం వస్తుంది కదా ఐనార్. అయినా ఎవరికోసం గియ్యమంటావ్? అక్కడికి ఎవరూ రారు."

"రారని నీకెవరు చెప్పారు?"

"గులకే చెప్పింది. రాళ్ళు పీకేశాక అక్కడ ఒక్క జాడ చూడలేదు."

ఐనార్ పడమటి వైపు ఒకసారి చూశాడు. టోపీ సర్దుకుని "గియ్యి" అని వెళ్ళిపోయాడు.

ఆమె గియ్యలేదు. రిగ్మోర్ పద్ధతి చూడ్డానికి పనిదొంగ పద్ధతిలాగే ఉంటుంది. గులక తియ్యలేదు, మట్టి పొయ్యలేదు, ఎరువు వెయ్యలేదు. ఎరువు తగిలితే గడ్డి బలిసి పూలమొక్కను తొక్కేస్తుందని, పేద నేలలోనే అడవి పువ్వుకు ప్రాణం లేచొస్తుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. రోడ్ల పక్కన, ఇసుక దిబ్బల మీద, కంకర గుంతల్లో పూలు ఎందుకు అంత ఇష్టంగా పూస్తాయో ముప్పై ఏళ్ళుగా సైకిల్ మీద వెళ్తూ చూసింది. ఆగస్టులో అదే సైకిల్ మీద తిరిగి గింజలు కోసుకొచ్చింది. కాఫీ వడగట్టే కాగితపు సంచుల్లో పోసి, ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో పేరు రాసుకుంది. తెల్ల చామంతుల్లాంటివి, సముద్రపు ఒడ్డున పూసే గులాబిరంగు గడ్డిపూలు, పసుపు నురగలా పొంగే స్నెరె పూలు, అడవి వాము, ఆగస్టులో వచ్చే, దెయ్యం కొరికిన పువ్వని పేరున్న ఊదారంగు పువ్వు. వీటన్నిటికంటే ముందు గిలకమొక్క గింజలు చల్లింది. దాని వేళ్ళు గడ్డి వేళ్ళను పట్టుకుని సారం పీల్చేస్తాయి, గడ్డి నీరసపడుతుంది, మిగతావాళ్ళకు చోటు దొరుకుతుంది. చల్లాక చేతులు దులుపుకుంది. చలికాలం గడిచాక ఒక్కసారి కోత, కోసిన గడ్డి బయట పారెయ్యడం, ఏడాదికి అంతే పని.

మొదటి ఏడాది చూడ్డానికి ఏమీ లేదు. నాలుగు పులిచింతాకు మొక్కలు, ఎర్రటి కాడలు, మిగతాదంతా దుమ్ము. దక్షిణం వైపు భర్త విగ్గో సమాధికి రోజూ వచ్చే ముసలి మేటా కర్ర ఆనించి నిలబడి చూసేది. ఎనభై నాలుగేళ్ళు, నాలుక మాత్రం నిన్న సాన పట్టినట్టుండేది.

"రిగ్మోర్, గొర్రెలు ఎప్పుడొస్తున్నాయి?"

"నీకోసమే ఆగాయి మేటా. కాపలాకి మనిషి కావాలిట."

"నేను పోయాక నన్ను ఇటు పడెయ్యకు పిల్లా. విగ్గో పక్కన, గులక కింద. చక్కగా దువ్వి పెట్టు. ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఆ మనిషి తల నేనే దువ్వాను."

చలికాలంలో సమాధుల మీద స్ప్రూస్ చెట్టు కొమ్మలు పేర్చి ముగ్గులు తీర్చడం మా ఊరి గొప్ప. ఆ పని రిగ్మోర్ ఎప్పటిలాగే వేళ్ళు కొంకర్లు పోయేదాకా చేసింది. మిగతా తోటంతా ఆకుపచ్చ తివాచీ పరిచినట్టుంటే, పడమటి వైపు ఎండుకాడలు నిలబడి ఉన్నాయి. "కోసెయ్యవేం?" అని అందరూ అడిగారు. "వాటి లోపల పురుగులు నిద్రపోతున్నాయి. నిన్ను నిద్రలో లేపి ఇల్లు పీకేస్తే ఒప్పుకుంటావా?" అనేది. డిసెంబరు మంచుకు ఆ కాడలు తెల్లగా మెరిసిన రోజున ఇద్దరు ముగ్గురు గోడ పక్కన ఆగి చూశారు. చూసినట్టు ఒప్పుకోలేదు.

రెండో ఏడు పూలు వచ్చాయి. మూడో ఏడు మార్చిలో ఉత్తరం వచ్చింది.

అందులో మూడే మాటలు. జూన్ రెండో మంగళవారం చర్చికీ తోటకీ ఏటా జరిగే తనిఖీ. ఆ రోజు పెద్ద పాస్టరు ఎదుట సంఘం ఓటు వేస్తుంది, తీర్మానం నెగ్గితే అదే రోజు యంత్రంతో పడమటి వైపు గీకించి కొత్త గులక పోయిస్తారు. దాన్ని వారం వారం దువ్వడానికి ఒప్పుకోని మనిషికి ఇక్కడ ఉద్యోగం ఉండదు. కింద ఐనార్ సంతకం.

ఇంకో కొలువు వెతుక్కునే వయసు కాదు రిగ్మోర్‌ది. అయినా ఉత్తరం చదివి మడతపెట్టి, గిలకమొక్క గింజలు మిగిలిన సంచిలో పెట్టింది. తోట గేటు దగ్గర ఐనార్ ఎదురైతే తనే పలకరించింది.

"ఉత్తరం అందింది. నీ దస్తూరీ ఏం మారలేదు, బడిలోలాగే వెనక్కి పడిపోతోంది."

"మరి ఏమంటావ్?"

"గులక పోస్తే నా ఉద్యోగం కూడా దాని కిందే పూడ్చెయ్. దువ్వడానికి మాత్రం నన్ను పిలవకు."

"నీకు మొండితనం మీ అమ్మ పోలిక."

"పూలు కూడా ఆవిడ పోలికే. ఒక్క మాట చెప్పు ఐనార్. ఖాళీ గులక మీద నీకు అంత ప్రేమ ఏంటి?"

"శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. ఎటో చూస్తూ ఇంకో మాట అన్నాడు. "మనిషి వచ్చినా పోయినా తెలీదు."

మే నెల ఆఖరున రిగ్మోర్ ఒక జాడ చూసింది.

గురువారం ఆమెకు సెలవు. శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే, మోకాలెత్తు పూలలో ఒక సన్నటి బాట. పడమటి గోడకున్న చిన్న గేటు దగ్గర మొదలై, మూడో వరస మధ్యకు వెళ్ళి ఆగిపోయింది. కాడలు వంగి ఉన్నాయి, విరగలేదు. ఎవరో మెల్లగా, కాలు ఎత్తి పెడుతూ వెళ్ళారు. రెండో గురువారం తర్వాత బాట ఇంకొంచెం తేలింది. మూడోసారి చూసినప్పుడు రిగ్మోర్‌కి నవ్వు ఆగలేదు.

ఆ మనిషి తిరిగి వెళ్తూ గడ్డిని దంతెతో దువ్వాడు!

అలవాటు మరి. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, పూలకాడల మీద ఇనుప పళ్ళు లాగుతూ, తన జాడ చెరపబోయాడు. గులకైతే చెరిగిపోయేది. గడ్డి దంతెకు లొంగుతుందా? బాట రెండింతలు వెడల్పై, దూరం నుంచే కనిపించేలా తయారైంది.

నవ్వుతూనే వంగి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగింది. దంతె పళ్ళ గీతలన్నీ కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. చేతిరాతలాగే గీతకీ మనిషి ఉంటాడని ముప్పై ఏళ్ళు దువ్విన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. మా చర్చి కిందికొచ్చే ఊళ్ళన్నిటిలో ఎడమచేత్తో దంతె పట్టేవాడు ఒక్కడే, ఐనార్. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూడో వరసలో, పాత రోజుల్లో, కొన్ని శనివారాలు తను దువ్వకముందే గీతలు ఎడమకు వాలి కనిపించేవి. కిందటి వారం తనే నడుము నొప్పితో అలా లాగి ఉంటుందని అనుకునేది.

ఆఫీసు గదిలో సమాధుల రిజిస్టరు తీసింది. మూడో వరస, ముప్పై ఒకటో స్థలం. విలాడ్స్ మడ్సెన్, క్విస్ట్ వాళ్ళ పొలంలో పాలేరు. పుట్టింది 1908, పోయింది 1976. బంధువులు లేరు. గడువు తీరినందున రాయి తొలగించడమైనది. పక్కన, అప్పుడే కొత్తగా సంఘంలో చేరిన సభ్యుడి సంతకం, అక్షరాలు వెనక్కి పడిపోతూ: ఐనార్ క్విస్ట్.

ఆ సాయంత్రం రిగ్మోర్ విలాడ్స్ ఎవరని మేటాని అడిగింది. ఎందుకని మేటా ఎదురడగలేదు. నేరుగా బాట వైపు చూసింది.

"విలాడ్సా? మన ఐనార్‌ని పెంచిందే విలాడ్స్. ఐనార్ వాళ్ళ నాన్న నోరు తెరిస్తే తిట్టు, చెయ్యెత్తితే దెబ్బ. వీడు ఎప్పుడు చూసినా పాలేరు భుజాల మీదే ఉండేవాడు. కొడవలి పట్టడం, ఈల వెయ్యడం, ఫ్యోర్డ్‌లో ఈత, అన్నీ ఆయనే నేర్పాడు." మేటా కర్రతో నేల మీద తట్టింది. "రాయి పీకించే కాగితం మీద వీడే సంతకం పెట్టాడు కదూ?"

"పెట్టాడు."

"చూడకుండానే పెట్టి ఉంటాడు. నలభై పేర్ల జాబితా, ముందు కాఫీ, పక్కన కేకు. తెలిశాక నోరు విప్పడానికి మొహం చెల్లి ఉండదు." గొంతు తగ్గించింది. "పిల్లా, లెక్క నాకు తెలుసు. సంఘంలో ఇద్దరు నీ వైపు, ఇద్దరు కాదు. మిగిలింది ఐనార్. తనిఖీ రోజున అందరి ముందూ ఈ మాట అనెయ్. మళ్ళీ నోరెత్తడు."

"అనను."

"ఎందుకు అనవు? వాడు నీ ఉద్యోగం పీకుతానంటున్నాడుగా?"

"పీకనీ. నా పూలు బతకడానికి వాడి దుఃఖం సంతలో పెట్టనా? పెట్టను మేటా. పోట్లాడాల్సింది నేను, పోట్లాడతాను. చచ్చిపోయిన పాలేరుని ఇందులోకి దించను."

"మీ అమ్మ కూడా ఇలాగే ఓడిపోయేది" అంది మేటా.

"ఓడిపోయినా ఎవరి కాళ్ళూ పట్టుకోలేదుగా?"

తనిఖీ అయ్యేదాకా పడమటి వైపు ఏ మార్పూ చెయ్యకూడదని సంఘం ఆజ్ఞ. సోమవారమే చిన్న తవ్వే యంత్రాన్ని ట్రెయిలర్ మీద తెచ్చి గేటు బయట పెట్టారు. మంగళవారం పొద్దున ఐదింటికి, అప్పటికే ఎండ తోట గోడ దిగిన వేళ, రిగ్మోర్ నిలబడి కోసే పొడవు కొడవలి తీసి సానరాయితో నూరింది. చిన్న గేటు దగ్గర మొదలుపెట్టి ఆ బాట వెంటే కోసుకుంటూ వెళ్ళింది. ఒక్క వాటు వెడల్పు, అంతే. గులాబిరంగు గడ్డిపూల కుదురు అడ్డొస్తే దాని చుట్టూ తిప్పింది. ముప్పై ఒకటో స్థలం దగ్గర ఒక మనిషి నిలబడేంత చోటు గుండ్రంగా కోసి ఆపింది. కోసిన గడ్డి ఎత్తి బయట పారేసింది. ఆజ్ఞ తప్పానన్న భయం ఏ కోశానా లేదు.

పదింటికి తనిఖీ మొదలైంది. పెద్ద పాస్టరు ఎల్సెబెత్ రబ్బరు బూట్లు వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని వచ్చింది. పైకప్పు చూశారు, గంట తాడు చూశారు, వాననీటి గొట్టంలో పిచ్చుకగూడు చూసి నోట్ చేసుకున్నారు. కాఫీ, జున్ను రొట్టెలు అయ్యాయి. చివరికి అందరూ పడమటి వైపు వచ్చి నిలబడ్డారు. మేటాను ఎవరూ పిలవలేదు, ఆవిడా వచ్చి నిలబడింది.

పూలు ఆ రోజు ఎవరి మొహమాటమూ లేకుండా పూశాయి. తెల్లవి గాలికి ఒక్కసారిగా వంగి లేస్తున్నాయి. మావాళ్ళు సవతితల్లి పూలనే చిన్న ఊదారంగువి గులక మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. గిలకమొక్కలు పసుపు ముక్కులు చాపుకుని నిలబడ్డాయి. తేనెటీగల రొద గేటు దాకా వినిపిస్తోంది.

ఐనార్ కాగితం విప్పి తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. "పడమటి భాగమును పూర్వస్థితికి..." అంటూ తలెత్తాడు. బాట కనిపించింది. చదవడం ఆగిపోయింది.

"ఈ దారి బాగుందే. ఎక్కడికి వెళ్తుంది?" అంది ఎల్సెబెత్.

"మూడో వరసకి" అంది రిగ్మోర్.

"అక్కడ ఏముంది?"

"రాయి లేదు. మనిషి ఉన్నాడు. ఆయన దగ్గరికి ఎవరో వస్తున్నారు. మనుషులు నడిచే చోట దారి చెయ్యడం నా పని, చేశాను."

"ఎవరు వస్తున్నారు?"

"అది నా పని కాదు ఎల్సెబెత్."

మేటా దగ్గింది. రిగ్మోర్ అటు తిరిగి ఒక్క చూపు చూసింది. ఆ దగ్గు మళ్ళీ రాలేదు.

ఐనార్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. "తనిఖీ అయ్యేదాకా ఇక్కడ చెయ్యి పెట్టొద్దని చెప్పాం" అన్నాడు. "కొయ్యమని నీకు ఎవరు అనుమతి ఇచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. నేను అడగలేదు. అడిగితే వద్దంటారు." రిగ్మోర్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది. "నువ్వు చదివేది చదువు. యంత్రం గేటు దగ్గరే ఉంది. కానీ అందరూ వినండి, గులక పోసిన రోజున కొట్టం తాళంచెవి ఈ గోడ మీద పెట్టి వెళ్ళిపోతాను. ముప్పై ఏడేళ్ళు మనుషుల జాడలు చెరిపాను. ఇంక చెరపను."

ఐనార్ కాగితం మడిచాడు. జేబులో పెట్టబోయి, మళ్ళీ చేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత నడిచాడు. పూల మధ్యన కోసిన దారిలో, ఎడమకాలు ఈడుస్తూ, గుండ్రటి చోటు దాకా వెళ్ళాడు. అక్కడ టోపీ తీశాడు. వాళ్ళ వైపు వీపు పెట్టి ఎంతసేపు నిలబడ్డాడో, పెద్ద పాస్టరు రెండుసార్లు పెన్ను మూత తీసి పెట్టింది.

తిరిగి వచ్చి రిగ్మోర్ ముందు నిలబడ్డాడు.

"ఇరుకుగా ఉంది" అన్నాడు.

"ఏంటి?"

"దారి. తుంటి బాగాలేనివాడు రెండు కాళ్ళూ పెట్టలేడు. రెండు వాట్లు కొయ్యాల్సింది."

"నా కొడవలి ఒక్క వాటే కోస్తుంది. ఇంకో వాటు కావాలంటే వచ్చి నువ్వే కోసుకో."

ఎల్సెబెత్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే ఏమని రాయమంటారు?"

ఐనార్ గొంతు సవరించుకున్నాడు. "పడమటి భాగం, దారి ఇరుకు. వెడల్పు చెయ్యాలి."

"గులక?"

"దారి వెడల్పు చెయ్యాలన్నానుగా!" అని కసిరాడు. ఎల్సెబెత్ అదే రాసుకుంది. ఈ ఏటి తనిఖీ పుస్తకంలో గంట తాడుకీ పిచ్చుకగూడుకీ కింద ఆ ఒక్క వాక్యమే ఉంటుంది. సాయంత్రానికి యంత్రం వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

గురువారం సెలవైనా రిగ్మోర్ సైకిలేసుకుని తోటకి వచ్చింది. ఐనార్ చిన్న గేటు దగ్గర, చొక్కా చేతులు మడిచి, కొడవలి పట్టుకుని ఉన్నాడు. పాత కొడవలి, పిడి చేతులకు అరిగి నల్లబడి ఉంది. రాయడం, తినడం, దంతె లాగడం అన్నీ ఎడమచేత్తో చేసేవాడు కొడవలి మాత్రం కుడివాటంగా పట్టాడు. తప్పు లేకుండా, నేలను తాకుతూ తాకనట్టు, పక్కన తెల్లపూలు ఒక్కటి కూడా తెగకుండా కోస్తున్నాడు.

రిగ్మోర్ గోడకు ఆనుకుని ఆ వాటు చివరిదాకా చూసింది. "బాగా నేర్పాడు" అంది.

"ఊఁ" అన్నాడు ఐనార్. చెమట తుడుచుకుని, ఆమె చూపు ఎటు పోయిందో గమనించాడు. తూర్పు వైపు, గీత గీసినట్టు కత్తిరించిన, తూజా అనే పచ్చటి పొదల కంచె వరసల మీద ఆగి ఉంది ఆ చూపు.

"తూజా జోలికి మాత్రం వెళ్ళకు రిగ్మోర్. అది సంఘం నాటించింది."

"నేనేమన్నాను?"

"అనకపోయినా నాకు తెలుసు. ఆ సైకిలు బుట్టలో కాగితపు సంచులు ఏంటి?"

"కాఫీవి" అని, రిగ్మోర్ సైకిలు తూర్పు వైపు నడిపించుకుంటూ వెళ్ళింది.